సంతకం ఉంది, ఎవరిది?

2013 ఎండాకాలం. నారాయణఖేడ్ బస్టాండు పక్క సందులో నాకు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. ముందు ఒక టేబులు, వెనక పాత సీపీయూల గుట్ట, మధ్యలో నేను. కూర్చుని ఉండేవాణ్ణని మాత్రం చెప్పలేను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. "కాలు కాలిన పిల్లి" అని మా ఆవిడ పెట్టిన పేరు మా చర్చిలో సగం మందికి తెలుసు. ఆదివారం నేను చివరి బెంచీలో కూర్చునేది అందుకే. రిపేరు పని చేసేవాడికి ఓపిక ఉండాలంటారు. నాకు ఓపిక లేదు, దురద ఉంది. ఒక మిషను ఎందుకు చెడిందో తెలిసేదాకా నాకు అన్నం సయించదు.

ఆ రోజుల్లో మా దగ్గర ఫైళ్లు ఎట్లా తిరిగేవో ముందు చెప్పాలి. ఇంటర్నెట్ అంటే కంప్యూటర్‌కు గుచ్చే డాంగిల్. వేలంత ఉంటుంది, లోపల సిమ్ము ఉంటుంది. కాస్త పెద్ద ఫైలు దించుకోవాలంటే పొద్దున మొదలుపెట్టాలి. మధ్యాహ్నానికి ముప్పావు వంతు దిగుతుంది, సరిగ్గా అప్పుడు కరెంటు పోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని ఒకరు దించుకుంటే పది మందిమి పంచుకునేవాళ్లం. పెన్‌డ్రైవ్‌లో పడిందంటే ఆ ఫైలు కంగ్టి నుంచి మనూర్ దాకా షేర్ ఆటోల్లో తిరిగేది. అది ఎక్కడి నుంచి దించిందని ఎవరూ అడిగేవారు కాదు. "ఎవరిచ్చిండ్రు?" అని మాత్రం తప్పకుండా అడిగేవారు. ఇచ్చినవాడు మంచివాడైతే ఫైలు కూడా మంచిదే అని లెక్క.

మాణిక్‌ది పెద్ద రోడ్డు మీద ఫోటో స్టూడియో. మనిషి మెత్తన. పెళ్లిలో కెమెరా పట్టుకుని తిరుగుతూ కూడా ఎవరి కాలూ తొక్కడు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఎండలో చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ నా దుకాణానికి వచ్చాడు.

"సామేలన్నా, జల్దీ రా. నా ఇజ్జత్ పోయింది."

"ఏమైందిరా? హార్డ్ డిస్క్ పోయిందా?"

"హార్డ్ డిస్క్ పోతే ఇంకోటి కొనుక్కుందు. ఇజ్జత్ ఏడ దొరుకుతది?"

దార్లో నడుస్తూనే చెప్పాడు. మా దిక్కు పెళ్లయిన కొన్నాళ్లకు ఆడపెళ్లివాళ్లు స్టూడియోకు వచ్చి ఆల్బమ్‌కు ఫోటోలు ఏరుకుంటారు. అదొక చిన్న పెళ్లి. పెళ్లిలో మింగిన అలకలన్నీ అక్కడ బయటపడతాయి. నా మొఖం సగమే వచ్చిందని ఒకరు, మా చిన్నాయన ఏడని ఇంకొకరు. ఆ పొద్దున సిర్గాపూర్ నుంచి రేణుక అనే పిల్ల పెళ్లి ఫోటోలకు వాళ్లవాళ్లు వచ్చారు. ముందు వరసలో పిల్ల, పక్కన ఆమె పెద్దమ్మ తుల్జమ్మ, మేనమామ. మాణిక్ నలుగు పెట్టిన ఫోటోలు తెరిచాడు. రేణుక మొహమంతా పసుపు, తల వంచుకుని నవ్వుతూ ఉంది. అంతలో స్క్రీను కుడి మూలన ఒక డబ్బా తెరుచుకుంది. అందులో ఒంటి మీద సరిగా బట్టల్లేని ఒక ఆడమనిషి. మాణిక్ గబుక్కున మూశాడు. ఇంకోటి వచ్చింది. దాన్ని మూస్తే ఈసారి స్క్రీను నిండా వచ్చింది.

తుల్జమ్మ లేచి నిలబడి కొంగు బిగించిందట.

"మా పిల్ల పసుపు ఫోటో పక్కన గిదేందిరా? ఆడపిల్లల ఫోటోలు పెట్టుకొని గివే చూస్తుండవా నువ్వు?"

ఎంత చెప్పినా వినలేదు. రేపు మళ్లీ వస్తామంది. తమ పిల్ల ఫోటోలన్నీ తమ కళ్ల ముందు తుడిచేయాలంది. రేపు అంగడి రోజు, అక్కడ అందరికీ చెప్తానంది. తుల్జమ్మ గొర్ల బేరం చేసే మనిషి. అంగట్లో ఆమె గొంతు వినని ఊరు లేదు.

నాకు తుల్జమ్మ మీద కోపం రాలేదు. ఫోన్లలో ఎవరి మొహమో తీసి ఎవరి ఒంటికో అతికిస్తున్నారన్న కబుర్లు అప్పుడప్పుడే మా ఊళ్లకూ చేరాయి. ఆడపిల్ల ఫోటో ఒక మగవాడి కంప్యూటర్‌లో ఉంటుంది, ఆ కంప్యూటర్‌లోంచి ఇలాంటి బొమ్మ బయటికొస్తుంది. ఇక ఏ తల్లికైనా భయం కాక ఏమవుతుంది? మాణిక్‌కు మిగిలింది ఆ ఒక్క రోజు. రేపు అంగట్లో ఆమె నోరు తెరిస్తే ఇక ఏ ఇంటి ఆడవాళ్లూ వాడి కెమెరా ముందు కూర్చోరు. కబురు ఎట్లా పాకిందో గానీ, మేం స్టూడియో చేరేసరికే రెండు పెళ్లి పార్టీలు ఫోన్ చేసి "మేం వేరే చూస్కుంటం" అన్నాయి.

షట్టరు సగం దించి నేను మొదట అడిగింది ఇదే.

"మాణిక్, నిజం చెప్పు. గసుమంటియి చూసినవా?"

వాడు నా మొహంలోకి చూడలేదు, బల్ల మీదున్న కెమెరా మీద చెయ్యి వేశాడు. "దీని మీద ఒట్టన్నా." నేను ఒట్లను నమ్మే రకం కాదు. బ్రౌజర్ తెరిచి వాడు ఏమేం చూశాడో మొత్తం చదివాను. హైదరాబాదులో ఆల్బమ్‌లు అచ్చు వేసే ల్యాబు, క్రికెట్ స్కోరు, మళ్లీ ల్యాబు. అంతే. వాడి మీద అనుమానం పోయింది, నాకు దురద మొదలైంది.

యాంటీవైరస్ నడిపితే అంతా బాగుందని చెప్పింది. అదే చిక్కు. ఇది వైరస్ కాదు, యాడ్‌వేర్. అంటే మనకు పనికొచ్చే ప్రోగ్రాం వెనక దాక్కుని వచ్చి, మన స్క్రీను మీద ప్రకటనలు చూపించి బతికే సరుకు. మనమే "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కి లోపలికి రానిస్తాం. పిలిచి పీట వేసినవాణ్ణి యాంటీవైరస్ చాలాసార్లు దొంగ అనదు. మరి ఇన్నాళ్లూ లేని ప్రకటనలు ఈ పొద్దునే ఎందుకు వచ్చాయి? మాణిక్‌ను అడిగితే తెలిసింది. మామూలుగా జనం ఉన్నప్పుడు డాంగిల్ పెట్టడు, పైగా వారం రోజులుగా అసలు పెట్టనేలేదు. ఆ పొద్దున ల్యాబుకు పేజీలు పంపుతూ తీయడం మరిచిపోయాడు. నెట్టు దొరికింది, లోపల నిద్రపోతున్నది లేచింది.

కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాముల జాబితాను తేదీల వారీగా పేర్చాను. ఆ వారంలోనే, వరసగా ఒకే రోజు దిగినవి మూడున్నాయి. ఒకటి పెళ్లి వీడియోను ఫోన్లో ఆడేట్టు మార్చే కన్వర్టర్. మిగతా రెండు ఏమిటో మాణిక్‌కే తెలియదు. ఆ కన్వర్టర్ సెటప్ ఫైలు ఫోల్డర్లో ఇంకా ఉంది. దాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచాను. అక్కడ డిజిటల్ సిగ్నేచర్ అని ఒక పేజీ ఉంటుంది. ప్రోగ్రాం తయారుచేసినవాళ్లు దాన్ని బయటికి పంపేముందు తమ పేరుతో ముద్ర వేస్తారు. తర్వాత ఎవరైనా లోపల ఒక్క అక్షరం మార్చినా ఆ ముద్ర చెల్లదని కంప్యూటరే చెప్తుంది. ఆ పేజీయే లేకపోతే అనుమానించాలి. ఈ ఫైలుకు పేజీ ఉంది. వివరాలు తెరిస్తే "ఈ సంతకం ఓకే" అని కూడా ఉంది.

మాణిక్ భుజం మీంచి తొంగి చూశాడు. "ఓకే అని ఉంది కదన్నా. మరి ఇది కాదేమో."

"ఓకే అంటే మంచిదని కాదురా. సంతకం నకిలీ కాదని. అంతే. ఎవరి సంతకమో చూడు."

కన్వర్టర్ పేరొకటి, సంతకం చేసినవాడి పేరొకటి. ఏదో మార్కెటింగ్ సంస్థ. మా వాడెవడికీ దాని పేరు పలకడం కూడా రాదు. నేను పరుగున దుకాణానికి వెళ్లి నా డిస్కు తెచ్చాను. అదే కన్వర్టర్‌ను తయారుచేసినవాళ్ల సైటు నుంచే నేను దించి పెట్టుకున్నాను. దాని మీద వాళ్ల సొంత పేరే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టేసరికి ఎక్కడలేని సంతోషం వచ్చింది. జరిగింది తెలిసిపోయింది. మధ్యలో ఏదో డౌన్‌లోడ్ సైటు అసలు ప్రోగ్రాంను తమ డబ్బాలో పెట్టి, పక్కన తమ సరుకు రెండు ముక్కలు పెట్టి, పైన తమ పేరే దర్జాగా రాసుకుంది. దొంగ తన పేరు రాసే పోయాడు, చదివే దిక్కే లేదు.

"దొరికిండు! ఎవరిచ్చిండ్రు నీకు ఇది?"

మాణిక్ కెమెరా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

"అరే, చెప్పు. రేపు వాళ్లు మొదట అడిగేది అదే. ఫలానోడు ఇచ్చిండు అంటే నీ తప్పు కాదని అయిపోతది."

"అన్నా, అదొక్కటి అడగకు."

నాకు ఒళ్లు మండింది. వీడి కోసం నేను ఎండలో పరుగులు పెడుతుంటే వీడికి గుట్టు కావాలా? నాలుగు తిట్లు తిట్టాను. తిట్లన్నీ తిన్నాక చెప్పాడు. ఇచ్చింది రహీం ఉస్తాద్.

ఉస్తాద్‌ను మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నలుపు తెలుపు ఫోటోలనాటి మనిషి. మాణిక్‌కు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. బురఖా తీయని ఇళ్ల ఆడవాళ్లు కూడా ఉస్తాద్ స్టూడియో అంటే ధైర్యంగా వెళ్లేవారు. కంప్యూటర్ ఆయన ముసలితనంలో కష్టపడి నేర్చుకున్నాడు. ఆయన దుకాణంలో నెట్టు లేదు. ఎవరో ఇచ్చిన ఫైలు పని చేస్తుందని చూసుకుని, శిష్యుడికి పనికొస్తుందని ప్రేమగా ఇచ్చాడు.

"నా ఇజ్జత్ పోతే నా ఒక్కనిది పోతదన్నా. ఉస్తాద్ పేరు అంగట్ల పడితే ఆయన బతుకంత సంపాదించింది పోతది. ఆయనకు అసలు ఏం జరిగిందో కూడ తెల్వది."

"పిచ్చోడా, నీకు పెళ్లాం పిల్లలు ఉన్నరు."

"ఉన్నరు. చెప్పను."

ఆ సాయంత్రమంతా నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. ఆ మూడింటినీ పీకేశాను, బ్రౌజర్ కడిగాను, అసలు కన్వర్టర్ ఎక్కించాను. పని అయిపోయింది, మనసు మాత్రం కుదుటపడలేదు. ఉస్తాద్ స్టూడియో ముందు నుంచి రెండుసార్లు నడిచాను. లోపల ఆయన ఎవరికో పాస్‌పోర్ట్ ఫోటో తీస్తూ "గదుమ కొంచెం పైకి, బేటా" అంటున్నాడు. వెళ్లి చెప్పేస్తే ఆయనే వచ్చి ఒప్పుకుంటాడని నాకు తెలుసు. నా నోరు అసలే ఆగేది కాదు. మాణిక్ మొహం గుర్తొచ్చి తిరిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లు ముగ్గురూ వచ్చారు. తుల్జమ్మ, ఆమె వెనక రేణుక, మేనమామ. రేణుక కళ్లు ఉబ్బి ఉన్నాయి. స్టూలు మీద కూర్చోగానే మెల్లగా అంది, "పెద్దమ్మా, ఫోటోలు మొత్తం తీసెయ్యమనకు. పెళ్లి మల్లొస్తదా?"

"నువ్వూకో బిడ్డా."

నేను చెప్పడం మొదలుపెట్టాను. యాడ్‌వేర్, డాంగిల్, సంతకం. ఎంత తొందరగా చెప్తే అంత తొందరగా నమ్ముతారన్నట్టు గడగడా చెప్పాను. మేనమామ ఆవులించాడు. "నువ్వు ఈని దోస్తువి. ఈని దిక్కే మాట్లాడ్తవ్" అన్నాడు. మాట నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. ఇక మాటలు మానేసి రెండు సంతకాల పేజీలనూ స్క్రీను మీద పక్కపక్కన తెరిచి చూపించాను.

"అక్కా, ఇంగ్లీషు చదవకు. బొమ్మ లెక్క చూడు. ఇది అసలుది, ఇది వీనికి దొరికింది. పైన పేరు రెండింటికీ ఒకటే. కింద సంతకం చూడు."

తుల్జమ్మ దగ్గరికి వంగి వేలితో ఒకదాని మీద, తర్వాత ఇంకోదాని మీద గీత గీసింది.

"ఈ రెండు ఒక్కటి కావు."

"కావు."

"అయితే చెవి గాటు అను. గింతసేపు ఏమేమో చెప్తివి." తమ్ముడికి వివరించింది. "మన గొర్లకు చెవి కొయ్యమా? అంగట్ల గొర్రెను కొంటే ముందు చెవి చూస్తం. గాటు ఉన్నదని సంబురపడం, ఎవరి గాటని చూస్తం. మన మంద అని చెప్పి తెచ్చిన గొర్రె చెవికి ఇంకోని గాటు ఉన్నదంటే, నడిమిట్ల ఎవరో కలిపిండ్రు."

"గంతే అక్కా!" అని నేను బల్ల చరిచాను. సగం ఊరికి నేను ఇప్పటికీ సంతకాల సంగతి ఈ మాటతోనే చెప్తాను.

కానీ తుల్జమ్మ నా సంతోషం చూడలేదు. మాణిక్ వైపు తిరిగింది.

"సరే. రోగపు గొర్రె ఇది. నీ మందల ఎవరు తోలిండ్రు?"

మాణిక్ నేల చూస్తున్నాడు. నా నాలుక చివరన ఆ పేరు ఉంది. పళ్లు బిగించుకుని కుర్చీ కమ్మి పట్టుకున్నాను.

"అడుగుతున్న. ఎవరిచ్చిండ్రు?"

"నా దాంట్ల ఉన్నది. నేనే పెట్టుకున్న, అక్కా. ఇంకోల్ల పేరు అడగకు."

"పేరు చెప్పకుంటే నీ మీదనే పడుతది. ఇయ్యాల అంగడి, ఎరుకేనా?"

"ఎరుకే."

"పోరగాళ్లున్నరు నీకు. పేరు చెప్పు, నీ దుకాణం నిలబడుతది."

"దుకాణం పోతే ఏదన్న పని చేస్కుంట. పేరు చెప్పను."

మేనమామ లేచాడు. "చూసినవా అక్కా? దొంగ కాకపోతే ఎందుకు దాస్తడు? తుడిచెయ్యమను ఫోటోలు."

తుల్జమ్మ కదల్లేదు. మాణిక్‌ను చాలాసేపు చూసింది. సంతలో గొర్రె పళ్లు చూసేటప్పుడు కూడా అంతసేపు చూసి ఉండదు. తర్వాత కూర్చుంది.

"నువ్వు కూసో, తమ్మీ. వీనికి ఇజ్జత్ పోతున్నది, అన్నం పోతున్నది. అయినా ఎవల్దో పేరు నోట్లకెళ్లి రానిస్తలేడు." కొంగుతో మెడ తుడుచుకుంది. "ఒకల పేరు గిట్ల దాచెటోడు, మన పిల్ల ఫోటో బయట పెడ్తడా?"

మాణిక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

"ఏడ్సుడు బందు చేసి ఫోటోలు తెరువుండ్రి. గా నెట్టు డబ్బ గూడ పెట్టు. మేం ఈడనే కూసుంటం. చూస్తం" అంది తుల్జమ్మ.

డాంగిల్ గుచ్చాను. నలుగు ఫోటోలు మళ్లీ తెరుచుకున్నాయి. ఫోటోలు చూస్తున్నది వాళ్లు ముగ్గురే. నేను కుడి మూలనే చూస్తున్నాను. నా కాలు ఆగకుండా ఆడుతోంది. ఒక ఫోటో, ఇంకో ఫోటో, అప్పగింతల ఫోటో. ఉన్నట్టుండి కుడి మూలన ఒక డబ్బా లేచింది. రేణుక మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా ప్రాణం పోయింది.

అది డాంగిల్ కంపెనీవాళ్ల మెసేజీ. బ్యాలెన్స్ అయిపోతోంది, రీచార్జి చేసుకోండి అని.

తుల్జమ్మ నన్ను చూసింది. "ఇది ఎవరి గాటు?"

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ ఆల్బమ్ మొదటి పేజీలో పసుపు మొహంతో నవ్వుతున్న రేణుకే ఉంది. అంగట్లో ఆ రోజు తుల్జమ్మ మాణిక్ గురించి మాట్లాడిందట. ఏమందో నాకు తెలియదు గానీ, వెళ్లిపోయిన రెండు పార్టీల్లో ఒకటి తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. "ఊరికే వచ్చిన ఉస్తాద్, మిషన్ల దుమ్ము పట్టిందేమో చూద్దామని" అన్నాను. ఆయన చాయ్ తెప్పించాడు. ఆయన చాయ్ తాగుతుండగా కన్వర్టర్‌నూ దాని చుట్టాలనూ చప్పుడు కాకుండా పీకేసి మంచిది పెట్టాను. ఆయన ఏమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

వారం తర్వాత ఉస్తాద్ నా దుకాణానికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"సామేల్, దీంట్ల ఉన్నవాటికి ఎవరెవరి దస్తఖత్ ఉన్నదో చూడు. ఎట్ల చూడాల్నో నాక్కూడ నేర్పు. ఇగ చూడకుండ ఎవ్వరికీ ఇయ్య."

ఆయనకు ఎవరు చెప్పారో నేనడగలేదు. పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి రైట్ క్లిక్ నుంచి మొదలుపెట్టాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "మాణిక్ మంచిగున్నడా?" అన్నాడు. మంచిగున్నడని చెప్పాను. "నేను నేర్పింది కెమెరా ఒక్కటే" అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఉస్తాద్ లేరు. మాణిక్‌ను అడిగి, పేర్లు మార్చి ఇది రాస్తున్నాను. పెన్‌డ్రైవ్‌లో వచ్చినా, నెట్టులో దించినా, ఏ ఫైలునైనా తెరిచేముందు ఎవరి సంతకమో చూడడం నాకు ఆ రోజుల్లోనే అలవాటైంది. సంతకం ఓకే అని ఉంటే అక్కడ ఆగిపోను, కింద పేరు చదువుతాను. ఆ పేరు సంతకం చేసినవాడిది. ఇచ్చినవాడి పేరు కంప్యూటర్‌లో ఎక్కడా ఉండదు. ఎవరైనా అడిగితే, నేనూ చెప్పను.